ట్యూషన్ కోసం లేజర్ ప్రింటర్ కొనాలా? ముందు పేజీ లెక్క చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి దగ్గర 8 నుంచి 10వ తరగతి వరకు 14 మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను. నెలకు 350 పేజీల దాకా ప్రింట్లు, జిరాక్స్‌లు అవుతాయి. జనవరి నుంచి మార్చి వరకు నెలకు 900 దాటుతాయి. మా సందు చివర షాపులో ఫోన్ నుంచి ప్రింట్ తీస్తే పేజీకి 5 రూపాయలు, జిరాక్స్‌కు 2 రూపాయలు తీసుకుంటారు. ఇంటికే మల్టీఫంక్షన్ లేజర్ ప్రింటర్ కొందామని రెండు చూశాం. ఒకటి 14,000, అందులో టోనర్ (ఇంకు పొడి), డ్రమ్ (ఆ పొడిని కాగితం మీదికి చేర్చే గొట్టం) ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయట. రెండోది 18,000, అందులో రెండూ వేరువేరు, రెండు వైపులా తనే ప్రింట్ చేస్తుందట. మావారు క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. లక్ష రూపాయల చిట్టీ ఎత్తేద్దామా అని నా ఆలోచన. పొదుపు ఖాతాలో 40,000 ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 30,000. ఇంతకుముందు ఉన్న ఇంక్ ప్రింటర్, వేసవిలో ఆరు వారాలు ఊరెళ్లి వచ్చేసరికి ఎండిపోయి మూలపడింది. ఇప్పుడు ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు పేజీల సంఖ్య రాసి చాలా మేలు చేశారు. ఆ అంకె లేకుండా ప్రింటర్ గురించి సలహా చెప్పడం కుదరదు. ఏడాదిలో పది నెలలు ట్యూషన్ నడుస్తుందనుకుంటే, ఏడు నెలలు 350 చొప్పున 2,450 పేజీలు, మూడు నెలలు 900 చొప్పున 2,700. మొత్తం 5,150. పేజీ అంటే ఇక్కడ కాగితానికి ఒక వైపు.

ముందు షాపు ఖర్చు. నెలకు 20 ఒరిజినల్ పేజీలు ఫోన్ నుంచి ప్రింట్ తీయించి, మిగతావి వాటి నుంచి జిరాక్స్ చేయిస్తున్నారనుకుందాం. పేజీకి 2 రూపాయల లెక్కన 10,300, ప్రింట్ల మీద అదనంగా పడే 3 రూపాయలకు ఏడాదికి మరో 600. మొత్తం 10,900. ఇంట్లో మిషన్ పెట్టుకుంటే ఇంతకంటే తగ్గాలి. లేదంటే పెరిగిన డబ్బు సౌకర్యం కోసం పెడుతున్నామని తెలిసే కొనాలి.

18,000 మిషన్ ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 3,600. కాగితాన్ని లోపలికి లాగే పికప్ రోలర్ మార్పిడి, చిన్న రిపేర్లకు ఏడాదికి 1,200 పక్కన పెట్టండి. ఇక టోనర్. ఈ తరహా మిషన్లలో ఒక టోనర్ 2,600 పేజీలు, డ్రమ్ 12,000 పేజీలు వస్తాయి. బ్రదర్ బి-సిరీస్‌లో టీఎన్-బీ021 టోనర్‌కు, డీఆర్-బీ021 డ్రమ్‌కు కంపెనీ చెప్పే లెక్కలు ఇవే. టోనర్ 1,500, డ్రమ్ 4,500 రూపాయలకు దొరికితే పేజీకి 58 పైసలు, 38 పైసలు. ధరలు మీ ఊళ్లో కనుక్కుని ఈ లెక్కలో మార్చుకోండి. కాగితం రీము 275 రూపాయలైతే షీటు 55 పైసలు, రెండు వైపులా తీస్తే పేజీకి 28. కలిపితే 1 రూపాయి 24 పైసలు. 5,150 పేజీలకు 6,386. మొత్తం ఏడాదికి 11,186 రూపాయలు. అంటే షాపుకు ఇచ్చేదానికంటే దాదాపు 300 ఎక్కువ. డబ్బు మిగలదు, పెద్దగా పోదు కూడా.

ఇప్పుడు 14,000 మిషన్. ఏడాదికి 2,800, రిపేర్లకు అదే 1,200. చాలామంది పొరపడేది ఇక్కడే. డ్రమ్ కలిసి ఉన్న ఒరిజినల్ కార్ట్రిడ్జ్‌లు సాధారణంగా 1,500 పేజీల చుట్టూ వస్తాయి. హెచ్‌పీ 110ఏ 1,500, క్యానన్ 325 అయితే 1,600. కార్ట్రిడ్జ్ 4,500 రూపాయలనుకుంటే ఒక్క కార్ట్రిడ్జ్‌కే పేజీకి 3 రూపాయలు. ఈ ధరలో రెండు వైపులా తనే తీసే సౌకర్యం ఎక్కువగా ఉండదు కాబట్టి కాగితానికి 55 పైసలు. ఏడాది ఖర్చు 22,283. షాపుకు రెండింతలు! నాలుగు వేలు తక్కువకు వచ్చిన మిషన్ ఒక్క ఏడాదిలో పదకొండు వేలు ఎక్కువ తింటుంది.

'రీఫిల్ చేయిస్తాం కదా' అంటారని తెలుసు. నిజమే, రీఫిల్‌తో అదే మిషన్ ఖర్చు మారిపోతుంది. పౌడర్ నింపించడం, మధ్యమధ్య వేరే కంపెనీ చేసే కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ కొనడం కలిపి పేజీకి 50 పైసలు అనుకుంటే ఏడాదికి 9,408. కాకపోతే రెండు చిక్కులున్నాయి. ఆ కార్ట్రిడ్జ్‌లోని డ్రమ్ ఒక టోనర్ అయిపోయేదాకా పనిచేయడానికి చేసినది. రెండు మూడు రీఫిల్‌లు దాటితే పేజీ మీద గీతలు, మసక మొదలవుతాయి. రెండోది, కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్ గుర్తుపట్టే చిప్. కొన్ని కొత్త మోడళ్లు బయటి చిప్‌ను తిరస్కరిస్తాయి, ఆన్‌లైన్ అప్‌డేట్ తర్వాత అప్పటిదాకా పనిచేసినది కూడా ఆగిపోవచ్చు. అందుకే కొనేముందే మీ ఊరి రీఫిల్ మనిషిని ఆ మోడల్ పేరు చెప్పి అడగండి. 'చిప్ దొరుకుతుందా, ఎంత?' అన్న ఒక్క ప్రశ్న చాలు. షాపుల్లో కనిపించే పాత హెచ్‌పీ ఎం1005ను, 2,000 పేజీల 12ఏ కార్ట్రిడ్జ్‌ను ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో చూపిస్తే, రీఫిల్ సులువే కానీ అందులో వైఫై లేదు, రెండు వైపులా తీయడమూ లేదు. ఫోన్‌లో వచ్చే పేపర్లు తీసే మీకు అది పనికిరాదు.

ఖర్చే కొలమానమైతే నిజాయితీగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. వీటన్నిటికంటే చవక ఇంక్ ట్యాంక్ ప్రింటర్. ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసా ఒకటి 4,500 పేజీలు ఇస్తుంది. సీసా 450 అనుకుంటే పేజీకి 10 పైసలు. 14,000 పెట్టి కొన్నా అన్నీ కలిపి ఏడాదికి 7,348 రూపాయలే. కానీ ఏప్రిల్, మే ఎండల్లో ఆరు వారాలు ఇల్లు తాళం వేసి ఉంటే ఇంకు చిమ్మే నాజిల్‌లో అది గట్టిపడుతుంది. క్లీనింగ్ మళ్లీ మళ్లీ నడిపితే ఇంకు వృథా, దాన్ని పీల్చుకునే వేస్ట్ ఇంక్ ప్యాడ్ త్వరగా నిండుతుంది. నాజిళ్లు ఉండే హెడ్ మార్చాల్సి వస్తే లేజర్ కంటే మిగిలిన ఆ 3,800 ఒక్క దెబ్బకు పోతుంది. ఆ ఆరు వారాల్లో మీ వారు ఇంట్లోనే ఉండి వారానికి ఒక్క పేజీ తీయగలరా? అయితే ఇంక్ ట్యాంకే కొనండి, నేనూ అదే చెబుతాను. ఇల్లంతా ఊరెళ్లేటట్టయితే లేజరే. టోనర్ పొడి కనుక ఎండిపోయేదేమీ లేదు, తడి చేయి తగిలినా అక్షరం చెరగదు.

లేజర్ అనుకుంటే నా మొగ్గు డ్రమ్ వేరుగా ఉన్న 18,000 మిషన్ వైపే. నాలుగు పేజీల పేపర్ 14 సెట్లు అంటే 56 పేజీలు. కంప్యూటర్ నుంచి పంపితే రెండు వైపులా, వరసగా, సెట్లుగా వచ్చేస్తుంది; 28 షీట్లతో సరి. మీరు పీడీఎఫ్‌ల నుంచే తీస్తారు కాబట్టి పైన కాగితాలు పెట్టే ఏడీఎఫ్ కోసం మరో మూడు నాలుగు వేలు పెట్టక్కర్లేదు. ఒకటి జాగ్రత్త: డబ్బా మీద 'డూప్లెక్స్' అని ఉంటే అది ప్రింట్‌కే. రెండు వైపులా ఉన్న కాగితాన్ని తనే తిప్పి స్కాన్ చేయడం వేరే సంగతి, అది ఖరీదైన మోడళ్లలో ఉంటుంది. డబ్బాలో వచ్చే మొదటి టోనర్ ఎన్ని పేజీలకు సరిపోతుందో కూడా అడగండి. క్యానన్ ఎంఎఫ్3010తో వచ్చేది 700 పేజీలదే, విడిగా కొంటే 1,600.

పైన చెప్పిన పేజీల లెక్కలన్నీ పేజీలో దాదాపు 5 శాతం మేర నలుపు ఉంటుందన్న అంచనాతో వేసినవి. ప్రశ్నపత్రాలకు అది సరిపోతుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మలు, రంగు పట్టీలు ఉన్న పేజీలు జిరాక్స్ చేస్తే టోనర్ సగం పేజీలకే అయిపోవచ్చు. మందపాటి గైడ్‌ను మూత తెరిచి పెట్టి తీస్తే అంచుల చుట్టూ నల్లటి చట్రం పడుతుంది. అదంతా మీ టోనరే. పుస్తకం మీద తెల్ల కాగితం కప్పి, మూత వీలైనంత దించండి.

సర్వీసు మనిషిని పిలిచే ముందు చూడాల్సినవి కొన్ని. పేజీ పొడవునా నిలువు నల్లగీత వస్తుంటే, డ్రమ్ యూనిట్ బయటకు తీసి దాని మీది చిన్న మీటను ఆ చివర నుంచి ఈ చివరకు పదిసార్లు జరపండి. డ్రమ్‌కు ఛార్జ్ ఇచ్చే లోపలి కరోనా వైరు శుభ్రపడుతుంది. తర్వాత మీటను బాణం గుర్తు దగ్గరకే తేవాలి. మధ్యలో వదిలేస్తే నిలువు గీత మళ్లీ వస్తుంది. అదే మచ్చ 94 మిల్లీమీటర్లకు ఒకసారి తిరిగి కనిపిస్తే, ఈ తరహా బ్రదర్ మిషన్లలో అది డ్రమ్ మీది మచ్చ. తీసిన డ్రమ్‌ను వెలుతురులో ఉంచకండి. టోనర్ అయిపోవచ్చిందని చెప్పగానే కొత్తది కొనేయకుండా, తీసి అటూ ఇటూ మెల్లగా ఐదారుసార్లు ఊపి పెడితే మరికొన్ని పేజీలు వస్తాయి. పొడి బట్టల మీద పడితే చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే అంటుకుపోతుంది.

వర్షాకాలంలో విప్పిన రీము తేమ పీలుస్తుంది. పొడిని కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడి 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అంత వేడికి తేమ కాగితం చుట్టుకుని జామ్ అవుతుంది. ట్రేలో ఒక రోజుకు సరిపడా పెట్టి మిగతాది కవరులోనే ఉంచండి, 75 జీఎస్ఎం కాగితం చాలు. ఇక కరెంటు: ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో లాగుడు వెయ్యి వాట్ల దాకా పోవచ్చు. 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ దాన్ని మోయలేదు. ఇన్వర్టర్ లైనులో కాకుండా ఎర్త్ ఉన్న గోడ సాకెట్‌కే నేరుగా పెట్టండి.

ఇక డబ్బు. చిట్టీ మాత్రం ఇప్పుడు ఎత్తకండి. లక్ష చిట్టీ 80,000కు పాడితే వదులుకున్న 20,000 ప్రింటర్ ఖరీదు కంటే ఎక్కువ! నో కాస్ట్ ఈఎంఐ దానికంటే నయమే, కానీ ఉచితం కాదు. 18,000ను ఆరు నెలలకు తీసుకుంటే నెలకు 3,000 కడతారు. 15 శాతం వడ్డీ లెక్కన బ్యాంకు అందులో 762 రూపాయలు వడ్డీగా చూపి, అంత మేరకు అమ్మేవారు ధరలో ముందే తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 137 మీదే. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ 36. మొత్తం 372. పైగా డీలర్ దగ్గర నగదుకు దొరికే తగ్గింపు పోతుంది. పొదుపు ఖాతాలోని 40,000 మీ ఇంటి ఖర్చుకు నెలా పది రోజులకు సరిపోతాయి, అది అత్యవసర నిధి. దాన్ని ముట్టుకోవద్దు.

ఈఎంఐగా కట్టాలనుకున్న ఆ 3,000నే జూలై నుంచి విడిగా దాచండి. డిసెంబరు నాటికి 18,000. అసలు రద్దీ జనవరిలో మొదలవుతుంది కాబట్టి అప్పుడు కొన్నా ఆలస్యమేమీ కాదు. ఈలోపు రెండు పనులు చేయండి. ప్రతి నెలా పేజీలు నోటుబుక్కులో రాయండి. షాపతన్ని నెలకు 350 పేజీలు ఖాయంగా ఇస్తానని చెప్పి జిరాక్స్‌కు 1 రూపాయి 50 పైసలు అడగండి. ఒప్పుకుంటే మీ ఏడాది ఖర్చు 8,425కు దిగుతుంది. అప్పుడు లేజర్ కొనడం వల్ల ఏటా 2,761 రూపాయలు ఎదురు ఖర్చు. ఆ డబ్బు పెట్టి కొనేది రాత్రి పదింటికి పేపర్ తీసుకునే వీలు, షాపుకు తిరగని సమయం. మీకు అది విలువైనదే కావచ్చు, నేను కాదనను. డిసెంబరు దాకా రాసిన పేజీలు చూసి, ఈ రేటుతో పోల్చి నిర్ణయించండి.

పిల్లల నుంచి నెలకు 50 రూపాయలు మెటీరియల్ ఫీజు తీసుకోవడం గురించి ఆలోచించండి. 14 మందికి పది నెలల్లో 7,000, అంటే టోనర్, డ్రమ్, కాగితం ఖర్చు మొత్తం వచ్చేస్తుంది. చాలామంది ట్యూషన్ టీచర్లు ఈ ఖర్చు తామే భరిస్తూ, ఫీజు పెంచలేక ఇబ్బంది పడతారు. విడిగా చెబితే తల్లిదండ్రులు కాదనడం అరుదు.

కొన్నాక ఆ డబ్బులోంచే నెలకు 500 బ్యాంకు ఆర్‌డీలో వేయండి. మీ వాడకానికి టోనర్ ఆరు నెలలకు ఒకసారి, డ్రమ్ రెండేళ్ల నాలుగు నెలలకు మార్చాలి. ఆ 4,500 ఒక్కసారిగా పడేసరికి మంచి మిషన్‌నే పక్కన పెట్టేస్తుంటారు. పన్ను ఆదా కోసమని మాత్రం ఎవరైనా కొనమంటే వినకండి. ట్యూషన్‌తో కలిపి మీ మొత్తం ఆదాయం ఆదాయపు పన్ను కొత్త విధానంలోని 4 లక్షల పరిమితి దాటకపోతే దాని మీద పన్నే ఉండదు, తగ్గించుకునేదీ ఉండదు. బిల్లు మాత్రం మీ పేరున, సీరియల్ నంబరుతో తీసుకోండి, వారంటీకి అది తప్పనిసరి.