పెళ్లిచూపుల్లో కాఫీ వద్దన్న అబ్బాయి

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. బాప్టిస్టు కుటుంబం. మా అమ్మాయి తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. పోయిన నెల వాళ్లు మాటలకని మా ఇంటికొచ్చారు. కాఫీ ఇస్తే అబ్బాయీ, వాళ్లమ్మా ఇద్దరూ వద్దన్నారు, పోనీ టీ పెడతానంటే అదీ వద్దన్నారు. తర్వాత తెలిసింది, వాళ్లు మోర్మన్లట. మా పాస్టరు గారు వాళ్లు క్రైస్తవులే కాదంటున్నారు. మా ఆడపడుచేమో వాళ్లలో ఒక్కో మగాడికి నలుగురు పెళ్లాలంటోంది. పైగా అబ్బాయికి డిగ్రీ మధ్యలో రెండేళ్ల గ్యాప్ ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, గాజువాక)

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ కాఫీ సంగతి మనసులోంచి తీసెయ్యి. మీ ఇంట్లో ఏమీ ముట్టకూడదని వాళ్లు వద్దనలేదు. అమెరికాలో వాళ్ల సంఘాన్ని పెట్టిన ప్రవక్త జోసెఫ్ స్మిత్ 1833లో ఇచ్చిన ఒక నియమం ఉంది, జ్ఞాన వాక్యం అంటారు. దాని ప్రకారం సారా, సిగరెట్టు, కాఫీ, టీ అన్నీ బంద్. నేను సీతమ్మధారలో అద్దెకున్నప్పుడు పక్క వాటాలో ఆ సంఘం వాళ్లే ఉండేవారు, మొదట్లో నేనూ నీలాగే నొచ్చుకున్నాను. ఆ ఇంట్లో సోమవారం సాయంత్రం టీవీ కట్టేసి పిల్లలతో కూర్చుని పాటలు పాడుకునేవారు, ఆటలాడుకునేవారు. ఆ సాయంత్రం కుటుంబానికే అని వాళ్ల సంఘంలో ఆనవాయితీ.

నలుగురు పెళ్లాల మాట పాత చరిత్ర. అమెరికాలో మొదటి తరాల్లో బహుభార్యత్వం ఉన్న మాట నిజమే, దాచాల్సిన పని లేదు. 1890లో అప్పటి సంఘ అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ఇప్పుడు ఎవరైనా రెండో పెళ్లాన్ని తెచ్చుకుంటే సంఘంలోంచే తీసేస్తారు. విడిపోయిన చిన్న చిన్న గుంపులు కొన్ని ఇంకా ఆ పద్ధతి పట్టుకుని ఉన్నాయి, మీ ఆడపడుచు విన్నది వాళ్ల గురించే అయ్యుంటుంది.

రెండేళ్ల గ్యాప్ అంటావా, అది సప్లీల వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఆ సంఘంలో మగపిల్లలు పద్దెనిమిది దాటాక రెండేళ్లు సువార్త సేవకి వెళతారు, ఆడపిల్లలు వెళితే ఏడాదిన్నర. తెల్లచొక్కా, టై, నల్ల నేమ్ బ్యాడ్జీతో ఇద్దరిద్దరుగా తిరుగుతారు చూడు, వాళ్లే. జీతం ఉండదు, ఖర్చు చాలావరకు ఇంట్లోవాళ్లే పెట్టుకుంటారు. 2019 దాకా ఇంటికి ఫోన్ చేయడం ఏడాదికి రెండుసార్లే, ఇప్పుడు వారానికోసారి. పద్ధెనిమిదేళ్ల కుర్రాడు అలా రెండేళ్లు ఉండి వచ్చాడంటే నాకైతే గౌరవమే కలుగుతుంది. అయినా అబ్బాయినే అడుగు, ఎక్కడికి వెళ్లాడో చెప్తాడు.

ఇక మీ పాస్టరు గారి మాట. ఆయన ఊరికే అనలేదు. వాళ్లు బైబిలుతో పాటు 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథాన్ని కూడా దేవుని వాక్యంగా చదువుతారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేర్వేరు వ్యక్తులని, ఒకే ఉద్దేశంతో పనిచేస్తారని నమ్ముతారు, అంటే ముగ్గురూ కలిసి ఒకే దేవుడని మీ సంఘాలు చెప్పే త్రిత్వం వాళ్లు ఒప్పుకోరు. ఈ రోజుల్లో కూడా దేవుడు ప్రవక్త ద్వారా మాట్లాడతాడంటారు. అందుకే కాథలిక్కులు 2001లో వాళ్ల బాప్తిస్మం చెల్లదని తేల్చేశారు. వాళ్లు మాత్రం మేమూ క్రీస్తు శిష్యులమే అంటారు, మోర్మన్ అనే పిలుపు కూడా వాళ్లకి నచ్చదు, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని పూర్తి పేరే చెప్పమని 2018 నుంచి మరీ పట్టుగా అడుగుతున్నారు. నువ్వూ అలాగే పిలువు, అబ్బాయి తల్లి సంతోషిస్తుంది. తేడా ఉంది, చిన్నదేం కాదు, కానీ తేడా ఉన్నంత మాత్రాన మనుషులు చెడ్డవాళ్లయిపోరు.

అసలు మాట్లాడాల్సినవి ఇప్పుడు చెప్తాను, ఇవి ఎవరూ నీకు చెప్పి ఉండరు. వాళ్లకి ఆదివారం వెళ్లే మందిరం వేరు, దేవాలయం వేరు. మందిరానికి ఎవరైనా వెళ్లొచ్చు, పెళ్లి అక్కడ చేస్తే మీ చుట్టాలంతా వచ్చి అక్షింతలు వేయొచ్చు. దేవాలయంలో భార్యాభర్తల్ని చావు తర్వాత కూడా విడిపోకుండా కలిపే ఒక విధి ఉంటుంది, సీలింగ్ అంటారు. మన దేశంలో బెంగళూరులో దేవాలయం కడతామని 2018లో ప్రకటించారు. ఆ విధి జరిగేచోటికి సంఘంలో ఉండి అనుమతి పత్రం ఉన్నవాళ్లనే రానిస్తారు, కన్నతల్లివైనా నువ్వు బయటే కూర్చోవాలి. మీ అమ్మాయి సంఘంలో చేరకపోతే ఆ విధే జరగదు, అది అబ్బాయికి మనసులో లోటుగా ఉండిపోవచ్చు. కాబట్టి "నేను చేరకపోయినా నీకు ఫర్వాలేదా, పదేళ్ల తర్వాత కూడా?" అని అమ్మాయి అతన్ని ఇప్పుడే అడగాలి. పిల్లలకి ఎనిమిదేళ్లకి బాప్తిస్మం ఇస్తారు, మరి వీళ్ల పిల్లలు ఏ సంఘం? ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇస్తారు, అది అతని జీతంలోంచా, ఇద్దరి జీతంలోంచా? ఇవి నువ్వు అడిగితే గొడవవుతుంది, వాళ్లిద్దర్నీ రామకృష్ణా బీచ్‌కి పంపి తీరిగ్గా మాట్లాడుకోమను. జవాబులకి అమ్మాయి తృప్తి పడితే నువ్వు అడ్డుపడకు.

ప్రశ్న: మా చిన్నాన్న కొడుకు మోర్మన్ల సంఘంలో చేరాడు. చనిపోయిన మా తాతగారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు అడుగుతున్నాడు. హిందువుగా పోయిన మనిషికి ఇప్పుడు బాప్తిస్మం ఇస్తారట. ఇది అన్యాయం కాదా? (ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. వాళ్లు చేసేది ఇది: చనిపోయిన పూర్వీకుడి బదులు బతికున్న మనిషి దేవాలయంలో నీళ్లలో మునుగుతాడు. పైలోకంలో ఉన్న తాతగారు దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, ఆ స్వేచ్ఛ ఆయనదే అని వాళ్ల నమ్మకం. ఆయన్ని సంఘం లెక్కల్లో సభ్యుడిగా రాసుకోరు. సొంత పూర్వీకులకే చేయాలని నియమం ఉంది, అందుకే వంశవృక్షాల మీద అంత శ్రద్ధ. మనం తర్పణంలో మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పి నీళ్లు వదులుతాం కదా, మీ తమ్ముడిలో ఉన్నదీ తాతగారి మీద అలాంటి ప్రేమే. అయినా మీకు ఇష్టం లేకపోతే వద్దని సూటిగా చెప్పండి, ఆయన మీకూ తాతే. పేరు, ఊరు మాత్రం ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి, మీ పిల్లలకైనా పనికొస్తుంది.

ప్రశ్న: మోర్మన్లని భోజనానికి పిలిస్తే ఏం పెట్టాలి? (గృహిణి, పెందుర్తి)

జవాబు: చేపల పులుసు, కోడికూర అన్నీ తింటారు. తాగడానికి మజ్జిగ, కొబ్బరి నీళ్లు, సుగంధి షర్బత్, తేయాకు వేయని శొంఠి కషాయం ఇవ్వండి. నెలలో మొదటి ఆదివారం మాత్రం పిలవకండి, ఆ రోజు రెండు పూటలు ఉపవాసం ఉండి ఆ భోజనం డబ్బు పేదవాళ్ల కోసం సంఘంలో ఇస్తారు.