స్లాబులో నీళ్లు, స్లాబు మీద నీళ్లు

ఇల్లు కట్టుబడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బీముల్లో ఊచలు దగ్గరదగ్గరగా ఉన్నాయని మా మేస్త్రి మిక్సర్‌లోకి పైపు వదిలేసి కాంక్రీటు జారుగా కలుపుతున్నాడు. అడిగితే "గట్టిగా ఉంటే లోపలికి దిగదు బాబూ" అంటాడు. బస్తాకి ఎన్ని లీటర్లు పొయ్యాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ పైపు తీయించి గుర్తులున్న బకెట్ పెట్టించండి. ఎం20కి (28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల బలం ఇవ్వాల్సిన కాంక్రీటు) 50 కిలోల బస్తాకి నీళ్లు 27 లీటర్లు దాటకూడదు. ఇసుకలో ఉన్న తడి కూడా ఈ లెక్కలోదే. మీ వైపు వానాకాలంలో చిక్కంతా అక్కడే వస్తుంది.

బస్తా సిమెంటు సుమారు 35 లీటర్లు. 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 లోతుతో పెట్టె చేయిస్తే సరిగ్గా అంతే పడుతుంది. ఒక బస్తాకి ఇసుక ఒకటిన్నర పెట్టె, కంకర మూడు పెట్టెలు. తట్టల లెక్క వద్దు, ఒకడు నిండుగా ఎత్తితే ఇంకొకడు వెలితిగా ఎత్తుతాడు.

తడి ఇసుక ఉబ్బి ఉంటుంది. గాజు సీసాలో 20 సెంటీమీటర్ల ఎత్తు ఇసుక పోసి, నీళ్లు నింపి, బాగా కలియతిప్పి కాసేపు వదిలేయండి. అది 16కి దిగితే నాలుగో వంతు ఉబ్బిందన్నమాట. అప్పుడు ఒకటిన్నర పెట్టె బదులు దాదాపు రెండు పెట్టెలు వెయ్యాలి. ఆ ఇసుకలో 5 శాతం తడి ఉంటే నాలుగు లీటర్ల నీళ్లు దాంతోపాటే వచ్చేశాయి, మీరు పోయాల్సింది 23 లీటర్లే.

పది లీటర్లు అదనంగా పోస్తే ఏమవుతుంది? సిమెంటు వాడుకోగా మిగిలిన నీరు ఆవిరై, ఉన్నచోట సన్నని రంధ్రాలు వదిలిపోతుంది. బలం సుమారు మూడో వంతు తగ్గుతుంది. ఊచకి తుప్పు పట్టే దారి కూడా అదే.

బీములోకి దిగకపోవడం నిజమే, మేస్త్రి అబద్ధం చెప్పడం లేదు. దానికి మందు నీళ్లు కాదు, నీళ్లు పెంచకుండానే కాంక్రీటుని జారుగా చేసే ద్రవం, ప్లాస్టిసైజర్. ప్లాస్టిసైజర్‌ని డబ్బా మీద రాసిన కొలతకి మించకుండా కలిపే నీళ్లలో వెయ్యండి. కంకర 20 ఎంఎం మించనివ్వకండి. వైబ్రేటర్ సూది నిలువుగా దించి, పది సెకన్లు ఉంచి, గుంట పడకుండా నెమ్మదిగా పైకి లాగాలి. బుడగలు రావడం ఆగి పైన జిగి తేలితే చాలు. సూదిని ఊచలకి ఆనించకూడదు, దాంతో కాంక్రీటుని పక్కకి నెట్టకూడదు. నెడితే కంకర ఒకచోట, సిమెంటు పాలు ఒకచోట అయి, పలకలు విప్పాక తేనెపట్టులా కనిపిస్తుంది.

ప్రశ్న: మే నెలలో పదింటికి మొదలుపెట్టి మూడింటికి స్లాబు పూర్తి చేశాం. సాయంత్రానికే ఎండిన చెరువు మట్టిలా బీటలొచ్చాయి. సిమెంటు పాలు పూశారు, మళ్లీ కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: పైకి ఊరే నీటికంటే ఎండ, గాలి పీల్చేసేది ఎక్కువైతే ఈ బీటలు పడతాయి. అందులో సిమెంటు తప్పేమీ లేదు. పచ్చిగా ఉన్నప్పుడే చూసుంటే చెక్కతో మళ్లీ రుద్దితే మూసుకుపోయేవి. గట్టిపడ్డాక పాలు పూస్తే అది సున్నం వేసినట్టే, పొరగా ఊడిపోతుంది. ఇప్పుడు స్లాబు మీద నీళ్లు నిలిపి, కింద నుంచి చూడండి. చెమ్మ దిగకపోతే భయం లేదు, పైన గచ్చు వేసేటప్పుడు కప్పుకుపోతాయి. చెమ్మ దిగితే మాత్రం బీటల్లోకి పల్చని ఎపాక్సీ జిగురు ఎక్కించాలి, అది తెలిసినవాళ్ల పని.

చంద్రపూర్, గడ్చిరోలి ఎండల్లో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటిలోపు ముగించండి, లేదా పొద్దు వాలాక పొయ్యండి. కంకర మీద ముందురోజే నీళ్లు చల్లించండి. చదును చేసిన వెంటనే ప్లాస్టిక్ పట్టా కప్పాలి. వేలిముద్ర పడనంత గట్టిపడ్డాక తడి గోనెలు, మర్నాడు మడులు కట్టి రెండంగుళాల నీళ్లు. మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అయినా ఎండలు మండుతున్నా 10 రోజులు అని కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పీపీసీకి 14 రోజులు తడపమని మా సలహా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చల్లి మధ్యలో ఎండబెట్టడాన్ని తడపడం అనరు.

అన్నట్టు, ఊళ్లలో ఎక్కడ చూసినా స్లాబుకి చెరువు, పిల్లరుకి కరువు. పిల్లర్లకి గోనె చుట్టి తాడు కట్టి తడపండి.

ప్రశ్న: డిసెంబరులో స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిసిన సిమెంటుతో స్లాబు పోశాం. గది 4 మీటర్లు. సెంట్రింగ్ అద్దె పెరుగుతోందని ఏడో రోజుకే జాకీలు తీసేస్తామంటున్నారు.
– ఒక పాఠకుడు, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: తీయనివ్వకండి. నాలుగున్నర మీటర్లలోపు స్లాబుకి 7 రోజులు అన్న లెక్క ఓపీసీకి, అదీ చలి 15 డిగ్రీల కిందికి దిగనప్పుడు. కొరాపుట్ కొండల మీద డిసెంబరు రాత్రులు పదిహేనుకి లోపే. పైగా స్లాగ్ సిమెంటు మొదట్లో నింపాదిగా బలపడుతుంది. స్లాబుకి 14, బీములకి 21 రోజులు ఉంచండి. తీసేటప్పుడు గది మధ్య నుంచి గోడల వైపు, సన్‌షేడ్‌కైతే అంచు నుంచి గోడ వైపు తీయాలి.

ప్రశ్న: ఎం20 కాంక్రీటు క్యూబుల్ని (పరీక్షకి పోసిన దిమ్మల్ని) ఏడో రోజు నొక్కితే బలం చదరపు మిల్లీమీటరుకి 9.8, 13.6, 14.1 న్యూటన్లు వచ్చింది. సగటు బాగానే ఉందంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: సగటు 12.5. దానికి అటూఇటూ 15 శాతం, అంటే 10.6 నుంచి 14.4 లోపల మూడూ ఉండాలి. 9.8 బయటపడింది కాబట్టి ఆ సగటు చెల్లదు. ఏడో రోజుకి ఓపీసీలో మూడింట రెండొంతులు, అంటే సుమారు 13 ఆశిస్తాం. మిగతా రెండూ అక్కడికి చేరాయి కనుక ఆ ఒక్క క్యూబు సంగతే అడగండి. మూడు పొరల్లో పోసి పొరకి 35 పోట్లు పొడిచారా? తాపీతో చదును చేసిన ముఖం పైకి పెట్టి నొక్కారా? నొక్కాల్సింది అచ్చుకి ఆనిన పక్క ముఖాల మీద.

28వ రోజు పరీక్షకి వీలైతే మీరే వెళ్లండి, చేతికి గడియారం ఉంటే చాలు. క్యూబు తొట్టిలోంచి తీసి తడిగా ఉండగానే పెట్టాలి. 15 సెంటీమీటర్ల క్యూబుకి 20 రావాలంటే యంత్రం 450 కిలోన్యూటన్లు చూపాలి. నిమిషానికి 315 చొప్పున పెంచితే దానికి దాదాపు నిమిషంన్నర పడుతుంది. పావు నిమిషంలో పగలగొడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

28వ రోజు కూడా తక్కువొస్తే స్లాబులోంచి మూడు కోర్లు (తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తీయించండి. క్యూబు బలంలోకి మార్చాక వాటి సగటు 17కి, ఏ ఒక్కటీ 15కి తగ్గకూడదు. తీసే ముందు ఊచలు ఎక్కడున్నాయో యంత్రంతో గుర్తు పెట్టించండి, కోరు కోసం ఊచ తెగితే అది ఇంకో తలనొప్పి. గుంటల్ని కుంచించుకుపోని గ్రౌట్‌తో అదే రోజు పూడ్పించండి.