స్ప్రే ఫోమ్ వాసన పోలేదు, పైన బోర్డు మూసేస్తామంటున్నారు: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: కొత్త ఇంటి నిర్మాణాన్ని ఒక కాంట్రాక్టర్‌కు అప్పగించాం. పైకప్పు లోపలి వైపు స్ప్రే ఫోమ్ ఇన్సులేషన్ (వేడిని అడ్డుకునే నురుగు పొర) వేయించారు. వారాలు గడిచినా చేపల కంపు లాంటి వాసన పోలేదు, అంచుల్లో ఫోమ్ ముడుచుకుపోయి సందులు కనిపిస్తున్నాయి. అది సబ్‌కాంట్రాక్టర్ పని, తనకు సంబంధం లేదని కాంట్రాక్టర్ అంటున్నారు. ఈ వారమే జిప్సం బోర్డు బిగించి, చివరి వాయిదా అడుగుతామని చెబుతున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ముందుగా బోర్డు పని ఆపమని ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోమ్ మండే పదార్థం కనుక దాన్ని చివరికి బోర్డుతో కప్పాల్సిందే, కానీ మీ కేసుకు ప్రధాన సాక్ష్యం ఆ ఫోమే కాబట్టి పరీక్ష జరగకముందే అది కనుమరుగు కాకూడదు.

స్ప్రే ఫోమ్ ఫ్యాక్టరీ నుంచి తయారై వచ్చే సరుకు కాదు. ఐసోసైనేట్, పాలియోల్ అనే రెండు ద్రవాలు సాధారణంగా 1:1 ఘనపరిమాణంలో గన్‌లో కలిసి, మీ ఇంట్లోనే ఫోమ్‌గా మారతాయి. పాళ్లు తప్పినా, ఉపరితలం తడిగా ఉన్నా, ఒకే విడతలో మరీ మందంగా కొట్టినా మీరు చెప్పిన లక్షణాలు రావచ్చు. అందుకే దీన్ని సరుకు లోపంగా కాక, ముఖ్యంగా సేవా లోపంగా చూడాలని నా అభిప్రాయం. అయితే వాసన ఒక్కటే రుజువుగా నిలవదు. స్వతంత్ర ఇంజినీరుతో తనిఖీ చేయించి, కాంట్రాక్టర్‌కు ముందుగా కబురు పెట్టి, వారి సమక్షంలో నమూనాలు తీయించండి. డ్రమ్ముల బ్యాచ్ నంబర్లు, ఆ రోజు యంత్రం ఉష్ణోగ్రత, పీడనం నమోదు చేసిన వివరాలు, తయారీదారు సాంకేతిక పత్రం ఇవ్వమని అడగండి.

మీ ఒప్పందం కాంట్రాక్టర్‌తోనే కనుక, పనిని వేరొకరికి అప్పగించినంత మాత్రాన ఆయన బాధ్యత తొలగిపోదు. వారిద్దరి లెక్కలు వారు చూసుకోవాలి. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 గృహ నిర్మాణాన్ని సేవగానే పరిగణిస్తుంది. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా, మీరు నివసించే ప్రాంతపు వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. భారత ఒప్పంద చట్టం, 1872లోని సెక్షన్ 73 ప్రకారం, ఒప్పంద ఉల్లంఘన వల్ల సహజంగా కలిగిన నష్టానికి, అంటే పాత ఫోమ్ తొలగించి తిరిగి వేయించే ఖర్చు వంటి వాటికి, పరిహారం కోరవచ్చు. నష్టాన్ని తగ్గించుకునే మార్గం మీకు ఉందా అన్నది కూడా ఆ సెక్షన్ ప్రకారమే చూస్తారు గనుక, నోటీసు పంపడంలో జాప్యం చేయకండి.

చివరి వాయిదా మొత్తాన్నీ ఆపేస్తే, ఒప్పందం తప్పింది మీరేనని ఎదురు వాదించే అవకాశం వారికి దొరుకుతుంది. ఒప్పందంలోని చెల్లింపు షరతులు చదివి, ఇంజినీరు నివేదిక అంచనా వేసిన మరమ్మతు ఖర్చు మేరకు మాత్రమే, కారణం రాసి మరీ నిలిపి ఉంచండి. పని సంతృప్తికరంగా పూర్తయిందనే కాగితంపై సంతకం చేయకండి. పాత ఫోమ్ మీదే మరో పొర కొట్టి సరిచేస్తామంటే, లోపమున్న పొర లోపలే ఉండిపోతుంది కనుక, ఇంజినీరు రాతపూర్వకంగా అంగీకరించే వరకు ఒప్పుకోకండి.