గెటప్ గురించి అడిగావు కదా, బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. ఒకదాంట్లో ఎర్ర తలపాగా, ఇంకోదాంట్లో భుజం మీద గొంగడి, మూడోదాంట్లో నల్ల కళ్లద్దాలు. "స్టేజీ మీద ఏది వేసుకుని పాడితే జనం నన్ను గుర్తుపెట్టుకుంటారు పెదనాన్నా?" అని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

ముందు గొంగడి సంగతి. గద్దర్ స్టేజీ మీదికి వస్తుంటే మొహం కనపడనంత దూరంలో ఉన్నవాడు కూడా గొంగడిని, చేతి కర్రను చూసి పోల్చుకునేవాడు. ఆ గొంగడి ఆయన కోసం పుట్టిన బట్ట కాదు. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసింది. గొర్రెల కాపరి వానొస్తే కప్పుకుంటాడు, రాత్రయితే పరుచుకుంటాడు. గద్దర్ ఎవరి కష్టం పాడాడో వాళ్ల ఒంటి మీది బట్టే ఆయన భుజం మీదా ఉంది. పాటా బట్టా ఒకే చోటి నుంచి వచ్చాయి కాబట్టి ఎవరికీ అది వేషమనిపించలేదు. ఆయన తర్వాత గొంగడి వేసుకుని పాడినవాళ్లను చాలామందిని చూశాను. మంచి గొంతులున్నవాళ్లే. కానీ వాళ్లను చూస్తుంటే నాకు గద్దరే గుర్తొచ్చేవాడు. నీకు ఆ గతి పట్టకూడదు. ఆ ఫొటో తీసెయ్.

ఉషా ఉతుప్‌ను చూడు. 1969లో మద్రాసులో నైట్‌క్లబ్బులో పాడటం మొదలుపెట్టినప్పుడు ఆమె కట్టుకున్నది చీర. పాడేది ఇంగ్లిషు పాటలు. అలాంటి చోట చీరేంటని జనం ఆశ్చర్యపోయినా ఆమె మార్చలేదు. కంచిపట్టు, నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు, తలలో పూలు. 2024లో పద్మభూషణ్ వచ్చే నాటికి 50 ఏళ్లు దాటిపోయాయి. అన్నేళ్లు విడవకుండా ఉంటేనే బట్ట గుర్తు అవుతుంది. మూడు నెలలకోసారి కొత్త గెటప్ వేస్తే దేన్ని గుర్తుపెట్టుకోవాలో జనానికి తెలియదు.

ఒంటికి పడని బట్ట వల్ల పాట ఎలా పోతుందో నేను అనుభవించాను. ఒక పెద్ద ప్రోగ్రాంలో నాకు మెరిసే పట్టు కుర్తా ఇచ్చారు, మెడ దగ్గర బిగుతు. వద్దనడానికి మొహమాటపడ్డాను. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా కాలర్ గొంతుకు అడ్డం వచ్చింది, చెయ్యి దాని మీదికే పోయింది, చరణం మధ్యలో తాళం తప్పాను. ఆ రాత్రి ఏడ్చాను బిడ్డా. అందుకే ఏ బట్టయినా సరే, ఇంట్లో అది వేసుకుని రెండు గంటలు పాడి చూడు. మే నెల ఎండలో, స్టేజీ లైట్ల కింద కూడా అందులో ఊపిరాడాలి.

ఫొటోల్లో ఇంకోటి గమనించాను. మూడింట్లోనూ ఒకే జాకెట్టు. చిన్నప్పుడు కాలిన మచ్చ కనపడకూడదని మీ అమ్మ కుట్టిన పొడుగు చేతుల నల్ల జాకెట్టు, మణికట్టు దగ్గర నారాయణపేట చీర అంచుతో. రాగం తీస్తూ చెయ్యి పైకెత్తావంటే ముందు ఆ అంచే కనిపిస్తుంది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలోకు ఆరేళ్లప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది, 1925లో బస్సు ప్రమాదం ఒళ్లంతా విరిచేసింది. తన దేశపు తెహువానా ఆడవాళ్ల పొడుగు లంగాలు ఆమె కాలినీ కప్పాయి, ఆమె ఏ నేల మనిషో కూడా చెప్పాయి. తన బొమ్మ తాను గీసుకున్నప్పుడూ ఎన్నోసార్లు ఆ బట్టల్లోనే గీసుకుంది. మచ్చ చూపించాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే ఆ జాకెట్టే నీ గుర్తు అంటాను.

నీకు పేరొచ్చాక నీ రూపాన్ని వేరేవాళ్లు అమ్ముకోవచ్చు. పంజాబీ గాయకుడు దలేర్ మెహందీ లాంటి బొమ్మలు, ఆయన పాట ముక్కలు పాడేవి, ఒక షాపువాళ్లు అమ్మితే ఆయన కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2010లో కోర్టు ఆ అమ్మకం ఆపించి లక్ష రూపాయల పరిహారం వేయించింది. జాకెట్టు మీద, చీర అంచు మీద నీకు హక్కు రాదు, అవి అందరివీ. కానీ నీ పేరు, చెయ్యెత్తిన నీ గీత బొమ్మ కలిపి ట్రేడ్‌మార్క్‌కు పెట్టుకోవచ్చు. మనిషి పేరున ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుకో సేవకో, 4,500 రూపాయలు, రిజిస్టరైతే 10 ఏళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్. ఇప్పుడే తొందరేం లేదు. ముందు పోస్టర్లన్నిటికీ అదే జాకెట్టుతో దిగిన ఫొటో ఇవ్వు.

ఇంటికి రాగానే అది విప్పి కొక్కేనికి తగిలించు. కూరగాయలకు వెళ్లినప్పుడు నువ్వు మామూలు పిల్లలాగే తిరగాలి, ఆ స్వేచ్ఛ పోగొట్టుకోకు.

మీ అమ్మతో చెప్పి అదే కొలతతో ఇంకో రెండు కుట్టించు. నారాయణపేట అంచు నేను పంపిస్తాను.

నీ పెదనాన్న