సెక్షన్‌లో సగం మేమే, కీబోర్డు మాత్రం వాళ్ల చేతిలో

కంప్యూటర్ చదువుల్లో అమ్మాయిలకీ అబ్బాయిలకీ తేడా ఉందంటే, "మా సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) సెక్షన్‌లో సగం మంది అమ్మాయిలే, ఇంక తేడా ఎక్కడుంది?" అని మీరు అడిగారు. నేను 2003లో ఎంసెట్ రాసి గుంటూరు దగ్గర ఓ ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ చేశాను. మా సెక్షన్‌లోనూ దాదాపు సగం మేమే. ఎంసెట్ ర్యాంకుతో నింపే కన్వీనర్ కోటాలో మూడో వంతు సీట్లు అమ్మాయిలకు కేటాయించి ఉండటం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మా నాన్నలాంటి నాన్నలు. నేను మెకానికల్ అంటే, "ఆ షెడ్డుల్లో నువ్వేం చేస్తావమ్మా, కంప్యూటరైతే నీడపట్టున ఉద్యోగం" అన్నారు.

తేడా నాకు లాబ్‌లో తెలిసింది. సిస్టమ్‌కి ఇద్దరం. సీ ప్రోగ్రాములు రాసే టర్బో సీ సాఫ్ట్‌వేర్ తెరిచి టైపు చేసేది ఎప్పుడూ అబ్బాయే, పక్క స్టూలు మీద కూర్చుని అవుట్‌పుట్ రాసుకునేది నేను. స్కేలు పెట్టి గీసిన ఫ్లోచార్టులతో నా రికార్డు ముచ్చటగా ఉండేది, మార్కులూ నాకే ఎక్కువ. తీరా ఎక్స్‌టర్నల్ (ఏడాది చివరి లాబ్ పరీక్ష) రోజు ఒక్కదాన్నే కూర్చుంటే, ఎక్కడో వదిలేసిన సెమీకోలన్ కనిపించక అరగంట చెమటలు పట్టాయి. సాయంత్రం ఆరున్నరకల్లా మా హాస్టల్ గేటు వేసేసేవారు. అబ్బాయిలు రాత్రి పదింటి దాకా నెట్ సెంటర్లోనే. సగం టైమ్ గేమ్సే ఆడారనుకోండి, అయినా వాళ్లకి చెయ్యి తిరిగింది.

ఐఐటీల సంగతి వేరు. 2016లో బీటెక్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు 8 శాతమే. 2018 నుంచి వాళ్లకోసం అదనపు సీట్లు పెట్టాక అది 20 శాతం దాకా వచ్చింది. మా బాబాయి కొడుకుని ఐఐటీ కోచింగ్‌కి హైదరాబాద్ పంపారు, అన్నే మార్కులొచ్చిన కూతుర్ని ఊళ్లోనే ఇంటర్‌లో వేశారు. ఇక లెక్కలు వేరే చెప్పాలా?

ఎంఎస్‌కి అమెరికా వెళ్తే క్లాసులో అమ్మాయిలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి, అందులోనూ ఎక్కువమంది మనవాళ్లు, చైనావాళ్లు. అక్కడ 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో 37 శాతం ఆడవాళ్లవి. 2010 నాటికి 18 శాతానికి పడిపోయింది. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక అవి ఎక్కువగా మగపిల్లల గదుల్లోకే చేరడం ఒక కారణమని జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే పరిశోధకులు అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో విద్యార్థులతో మాట్లాడి తేల్చారు. ఆ యూనివర్సిటీ ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపు వదిలేసి, రానివాళ్లకు మొదటి కోర్సు వేరుగా పెట్టింది. 1995లో అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో 7 శాతం ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అది చదివినప్పుడు నాకు మా లాబ్ స్టూలే గుర్తొచ్చింది.

మీరూ అమ్మాయే అయితే నేను చేసింది చెప్తాను. మూడో ఏడాదిలో నేనూ నా రూమ్మేటూ సార్‌ని బతిమాలి ఒకే సిస్టమ్ తీసుకున్నాం. మొదటి నెలంతా లాబ్‌లోంచి ఆఖర్న బయటపడేది మేమే. అటెండర్ తాళాల గుత్తి ఆడిస్తూ గుమ్మంలో నిలబడేవాడు.