గుడ్లతో వేట మాంసం ఇగురు: జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ళకి

తమ్ముడూ, నీ ప్రశ్న చూశా. ఇక్కడ మటన్ ధర చూస్తే షాక్ కొడుతోంది, మనింట్లో ఆదివారం చేసే వేట మాంసం ఇగురు రుచి గుడ్లతో వస్తుందా అక్కా అని అడిగావు. వస్తుంది. నూటికి నూరు పాళ్ళూ రాదు, ఎనభై దాకా వస్తుంది, మిగతా ఇరవై కోసం కిలోకి పదిహేను యూరోల పైమాట పెట్టాలా వద్దా అన్నది నీ బ్యాంక్ అకౌంట్‌ని అడుగు.

కోడిగుడ్డు పులుసు మనకి ఎప్పట్నుంచో ఉందిగా, అది వండుకుంటే పోలా అనేవాళ్ళు ఉంటారు. పులుసు వేరు. అందులో పెత్తనమంతా చింతపండుది. నువ్వడిగేది ఉల్లిపాయ ఎర్రగా వేగి, గసాలు కొబ్బరి ముద్ద పడి, నూనె అంచుల్లో తేలి, అన్నంలో కలిపితే వేళ్ళకి అంటుకునే ఇగురు. అది మాంసం కోసం పుట్టిన వంట, దాన్ని గుడ్డుకి సరిపెట్టాలంటే కొన్ని మానెయ్యాలి, కొన్ని కొత్తగా చేర్చాలి.

నేను మాస్టర్స్‌కి వచ్చింది తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊరికి. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోన్, ప్రతి యూరోనీ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే రకం నేను. మీకిప్పుడు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంతే అని తీసుకోనిచ్చే అకౌంట్‌లో, ఏడాదికి 11,904 యూరోలు చూపించమంటున్నారు, అంటే నెలకి 992 చేతికొస్తాయి, అందులోనే రూమ్, ఇన్సూరెన్స్, తిండి అన్నీ. ఆ లెక్కలు, స్టూడెంట్స్ ఏడాదికి 140 ఫుల్ డేస్ దాకే పని చెయ్యొచ్చనే రూలు, ఇవన్నీ అఫీషియల్ సైట్లలో ఉంటాయి, మారుతుంటాయి, అక్కడే చూసుకోండి. నేను చెప్పేది ఆ 992లో నాలిక చంపుకోకుండా ఎలా నెట్టుకురావాలి అన్నదే. నేను నెట్టుకొచ్చా, లోన్ తీర్చేశా, కాగితాలు ఇంటికొచ్చేశాయి, ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం, కాబట్టి కొంచెం పెద్దరికంగా మాట్లాడితే ఏమనుకోకండి.

వచ్చిన కొత్తల్లో ఒకసారి అమ్మకి ఫోన్ చేసి వేట మాంసం కూర ఎలా చేస్తావని అడిగి మొత్తం రాసుకున్నా. మాంసం అన్నచోట గుడ్లు అని మార్చుకున్నా, అంతే, అక్కడితో నా తెలివి అయిపోయింది. ఉడకబెట్టిన గుడ్లకి అల్లం వెల్లుల్లి, పెరుగు, ఉప్పు, కారం పట్టించి గంట పక్కన పెట్టా. గుడ్డుకి పట్టిస్తే ఏం పడుతుంది, పైనుంచి జారిపోయి గిన్నె అడుక్కి చేరింది. తర్వాత సూట్‌కేస్‌లో బట్టలు తగ్గించుకుని మరీ మోసుకొచ్చిన కుక్కర్లో వేసి, అమ్మ చెప్పినన్ని నీళ్ళూ పోసి, అమ్మ చెప్పినన్ని విజిల్స్ పెట్టా. మూత తీస్తే గుడ్లు రబ్బరు బంతులు, కొన్ని పగిలి పచ్చసొన గ్రేవీలో పొడిపొడిగా కలిసిపోయింది, మిగిలినవాటి సొన చుట్టూ పచ్చగా బూడిదగా ఒక రింగు. అది పాడైన గుడ్డేమో అని ఆ పూట మొత్తం పారబోశా, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే, ఎందుకంటే అది పాడవలేదు. గుడ్డు ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలో గంధకం, పచ్చసొనలో ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది, తినొచ్చు, రుచే కాస్త తగ్గుతుంది. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పుంటే ఒక పూట తిండి మిగిలేది కదా.

అక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, మాంసం కూరలో గ్రేవీని సగం వండేది మాంసమే. ముక్క ఉడికేకొద్దీ కొవ్వు దిగుతుంది, ఎముకలో సారం దిగుతుంది, ఆ గంట టైమ్‌లో మసాలా పచ్చివాసన దానంతటదే పోతుంది. గుడ్డు కూరకేమీ ఇవ్వదు, కూర దగ్గర్నుంచి తీసుకోదు కూడా. అందుకని గుడ్లు లేకుండానే గ్రేవీ పూర్తిగా తయారైపోవాలి, అన్నంలో ఉత్త గ్రేవీ కలుపుకుని తిన్నా బాగుండాలి, అప్పుడు గుడ్లు దించి పది నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే చాలు. ఉప్పు, కారం కూడా మాంసానికి వేసినంత వెయ్యొద్దు, మాంసం లాక్కుంటుంది, గుడ్డు లాక్కోదు, మూడింట ఒక వంతు తగ్గించి చివర్లో చూసుకోండి.

మరి కొవ్వు, చిక్కదనం ఎక్కణ్ణుంచి తేవాలి? ఉల్లిపాయ నుంచి. ఆరు గుడ్లకి పెద్ద ఉల్లిపాయలు మూడు, సన్నగా తరిగి, ఐదు టేబుల్ స్పూన్ల నూనెలో, కొంచెం ఉప్పేసి, తొందరపడకుండా బెల్లం రంగు వచ్చేదాకా వేయించాలి. ఇరవై నిమిషాలు పడుతుంది, ఫోన్ చూసుకుంటూ నిలబడండి, కానీ కలుపుతూ ఉండండి. అంత ఓపిక లేకపోతే ఇక్కడ సూపర్ మార్కెట్‌లో వేయించిన ఉల్లిపాయలు డబ్బాల్లో అమ్ముతారు, ర్యోస్ట్‌జ్వీబెల్న్ అని, వాటిలో గోధుమపిండి ఉంటుంది కాబట్టి చివర్లో ఓ గుప్పెడు వేస్తే గ్రేవీ చిక్కబడుతుంది. ఉత్త వాటితోనే కూర చెయ్యాలని చూడొద్దు, నూనె నూనెగా ఉంటుంది, డబ్బులూ ఎక్కువే.

ఇక గసగసాలు. ఇక్కడే నేను పెద్ద దెబ్బ తిన్నా. జర్మన్ షాపుల్లో కేకులు చేసే సామాన్ల దగ్గర గసగసాలు బోలెడు కనిపిస్తాయి, మోన్ అంటారు, ఇండియన్ షాప్ కన్నా చవక అని ఎగిరి గంతేసి తెచ్చుకున్నా. అవి నల్ల నీలం గసాలు. నూరి పోస్తే ఇగురు మొత్తం సిమెంట్ రంగులోకి తిరిగింది. అదే రోజు పక్క రూమ్ తెలుగు వాళ్ళని భోజనానికి పిలిచా, వాళ్ళు మర్యాదకి బాగుంది అన్నారు, మళ్ళీ పెట్టుకోలేదు. ఇంకోటి, నూరిన గసాలు ప్యాకెట్ అని చూసి తీసుకునే ముందు వెనకాల చదవండి, వాటిలో కొన్ని కేకుల కోసం చేసిన రెడీ మిక్స్‌లు, చక్కెర కలిపి ఉంటుంది. తెల్ల గసాలు ఇండియన్ షాప్‌లోనే దొరుకుతాయి. అసలు గసాలూ జీడిపప్పూ రెండిటికీ కలిపి చవకైన దారి పొద్దుతిరుగుడు పప్పు, సోన్నెన్‌బ్లూమెన్‌కెర్నె అని రాసుంటుంది. గుప్పెడు వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు స్పూన్ల కొబ్బరి తురుముతో కలిపి మెత్తగా రుబ్బండి. కొబ్బరి తురుము కూడా కేకుల సామాన్లలోనే ఉంటుంది, చక్కెర లేనిది చూసుకుని, మూకుట్లో కాస్త ఎర్రగా వేయిస్తే మన ఎండు కొబ్బరికి దగ్గరగా వస్తుంది. నా కూర తిని జీడిపప్పు దండిగా వేశావే అన్నవాళ్ళు ఉన్నారు, నేను కాదనలేదు.

ఉల్లిపాయ వేగాక అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర స్పూన్లు వేసి పచ్చివాసన పోయేదాకా, తర్వాత పసుపు, కారం స్పూన్నర, ధనియాల పొడి రెండు స్పూన్లు, అడుగంటకుండా కొన్ని నీళ్ళు చిలకరిస్తూ. మసాలా మాత్రం పొడి ప్యాకెట్ కాకుండా లవంగాలు నాలుగు, దాల్చినచెక్క చిన్న ముక్క, యాలకులు రెండు, మరాఠీ మొగ్గ ఉంటే ఒకటి, వేయించి దంచి వెయ్యండి, ఎందుకంటే మాంసం కూర వాసన అని మనం అనుకునేదాన్లో సగం ఇదే. రెండు టమాటాలు, లేకపోతే డబ్బా టమాటా గుజ్జు సగం కప్పు, అంతకు మించితే పుల్లబడి పంజాబీ ధాబా కూర అవుతుంది. తర్వాత రుబ్బిన ముద్ద, గ్లాసున్నర వేడి నీళ్ళు, మూత పెట్టి పావుగంట, నూనె పైకి తేలాలి, తేలకపోతే ఇంకో ఐదు నిమిషాలు. ఎముక సారం కావాలంటే సూప్ ఎముకలు ఇక్కడ చవగ్గా దొరుకుతాయి, అవి చాలావరకు గొడ్డువి, అది మీ ఇంటి పద్ధతిని బట్టి. నేను కూరగాయల సూప్ క్యూబు సగం వేస్తా, దాన్లోనే బోలెడు ఉప్పుంటుంది, గుర్తు పెట్టుకోండి.

గుడ్లు ఈలోపు పక్కన ఉడికించుకోండి. ఇక్కడి గ్లాస్ స్టవ్వులు ఆపేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటాయి, నీళ్ళు మరిగాక స్టవ్ ఆపేసి మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు వదిలేస్తే ఉడికిపోతాయి. కరెంట్ యూనిట్ 40 సెంట్లకి అటూ ఇటూ ఉంది, రూపాయల్లో నేను లెక్కేసి చెప్పను, మీరే వేసుకుని భయపడండి. విడిగా కరెంట్ కట్టే ఇళ్ళలో ఏడాది చివర లెక్క తేల్చి మిగతాది కట్టమని కాగితం పంపుతారు, నాకు మొదటి ఏడాది వచ్చిన కాగితం చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వలిచిన గుడ్లని తుడిచి, నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, కొంచెం నూనెలో పసుపు, చిటికెడు కారం వేసి, పైపొర బంగారు రంగులో బొబ్బలెత్తేదాకా తిప్పండి. గాట్లు పెట్టకపోతే పేలి మొహం మీదకొస్తుంది. ఆ గరుకు పొరకే ఇగురు అంటుకుంటుంది, నున్నటి గుడ్డుకి అంటుకోదు.

గుడ్లు కొనేటప్పుడు గుడ్డు మీదే నంబర్ ముద్ర ఉంటుంది, మొదటి అంకె 0 అయితే ఆర్గానిక్, 1 అయితే బయట తిరిగే కోళ్ళవి, 2 అయితే షెడ్డులో నేల మీద పెంచినవి, 3 పంజరంవి, అవి షెల్ఫుల్లో దాదాపు కనపడవు. ఇగురుకి 2 చాలు. పది గుడ్ల డబ్బా రెండు యూరోల పైచిలుకు. ఇక్కడ గుడ్లు కడగరు, అందుకే షాపులో ఫ్రిజ్ బయటే పెడతారు, చూసి కంగారు పడొద్దు. డబ్బా మీద వాడాల్సిన తేదీ ఉంటుంది, దాన్ని కోడి గుడ్డు పెట్టిన రోజు నుంచి ఎక్కువలో ఎక్కువ 28 రోజులకి వేస్తారు, ఉడకబెట్టడానికి ఒకటి రెండు వారాలు పాతబడినవే నయం, మరీ తాజావి వలుస్తుంటే పొరతోపాటు సగం గుడ్డు ఊడిపోతుంది. రంగురంగుల గుడ్లు కనిపిస్తాయి, అవి ముందే ఉడికించినవి, పని తప్పుద్ది కదా అని నేను తెచ్చా, ధర ఎక్కువ, సొన పిండిలా ఉంది, పెంకు పగిలినచోట నీలం రంగు లోపలికి దిగి కూరలో నీలం మచ్చలతో తిన్నా.

కొరికే ముక్క లేకపోతే మాంసం కూరలా లేదు అనిపిస్తే ఇంకో పద్ధతుంది. నాలుగు గుడ్లు ఉప్పు, మిరియాల పొడి వేసి గిలక్కొట్టి, నూనె రాసిన గిన్నెలో పోసి, ఇడ్లీలా ఆవిరి మీద పావుగంట, చల్లారాక ముక్కలు కోసి నూనెలో నాలుగు వైపులా కాల్చి ఇగురులో వెయ్యండి. ఇవి గుడ్డులా కాకుండా గ్రేవీని బాగా పీల్చుకుంటాయి, మర్నాటికి ఇంకా బాగుంటాయి.

పసుపు గురించి విడిగా చెప్పాలి. అద్దె వంటగదుల్లో గట్టు తెల్లగా ఉంటుంది, నేను పసుపు కలిపిన గరిటె దాని మీద పెట్టి మర్చిపోయా, మర్నాడు చూస్తే మరక. వెనిగర్, నిమ్మకాయ, బేకింగ్ సోడా, ఏదీ పని చెయ్యలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ ఆ మరక ఫోటో తీసుకుని అడ్వాన్స్‌లోంచి కోశాడు. ఇక్కడ అడ్వాన్స్ మూడు నెలల కోల్డ్ అద్దె (హీటింగ్ లాంటి ఖర్చులు కలపని అద్దె) దాకా అడగొచ్చు, అంటే మీ మొత్తం పొదుపు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. గట్టు మీద పాత పేపర్ పరవండి, పొగ వచ్చే ముందే కిటికీ తియ్యండి, హాల్లో స్మోక్ అలారం ఉంటుంది.

మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, నెయ్యి ఇండియా నుంచి తేవొచ్చా అన్నావు. మాంసం, పాల సరుకు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు, పట్టుబడితే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు, కస్టమ్స్ సైట్ చూడు. గోంగూర పచ్చడి తెచ్చుకో, పైన చెప్పిన ఇగురులో టమాటా మానేసి రెండు స్పూన్లు కలిపితే గోంగూర మటన్ దారిలోకి వస్తుంది. పచ్చడి అయిపోతే వసంతంలో సంతల్లో జౌవర్‌ఆంప్ఫర్ అనే పుల్లటి ఆకు వస్తుంది, వేడి తగలగానే రంగు మారి కరిగిపోతుంది, పులుపు మాత్రం దగ్గరగానే ఉంటుంది.

ఒంటరిగా ఉంటోంది, ఒక్కడికే వండుకోబుద్ధి కావట్లేదు అని కూడా రాశావు. అకౌంట్‌లో రెండు నెలల అద్దె మిగలనీ, సగం ఒంటరితనం పోద్ది, నాకు అలాగే పోయింది. మిగతా సగానికి, ఒక్కడికే కదా అని రోజూ వండకు. ఆదివారం షాపులు మూసుంటాయి, శనివారమే ఉల్లిపాయలు రెండు కిలోల సంచి తెచ్చుకుని నాలుగింతలు గ్రేవీ చేసి, డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టు. గుడ్లు మాత్రం ఫ్రీజ్ చెయ్యకు, తెల్లసొన నీరు కక్కి రబ్బరయిపోతుంది. తినే రోజు డబ్బా కరిగించి, రెండు గుడ్లు ఉడికించి, వేయించి వేసుకో. పెరుగు 3.5 శాతం కొవ్వుది కొను, తక్కువ కొవ్వుది అన్నంలోకి నీళ్ళలా ఉంటుంది, ధర తేడా పది సెంట్లు కూడా ఉండదు.