మర్ఫీకి అర్థం ఉందా? ఓబ్రయన్‌లో ‘ఓ’ ఏమిటి?

సందేహం: మా ఇంట్లో పాత మర్ఫీ రేడియో ఉంది. మర్ఫీ అనేది ఐర్లండువాళ్ల ఇంటిపేరట. దానికి అర్థం ఉందా? మర్ఫి అని రాయాలా, మర్ఫీ అనా? ఓబ్రయన్, ఓకానర్ పేర్లలో ‘ఓ’ పొడి అక్షరమేనా?

సమాధానం: మీ రేడియోకి ఆ పేరు ఫ్రాంక్ మర్ఫీ వల్ల వచ్చింది. 1929లో ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టినవారిలో ఆయన ఒకరు. ఇంటిపేరు మాత్రం ఐర్లండుదే. ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇది. ఐరిష్ భాషలో ‘ఓ మురహూ’ అంటారు. మురహ పూర్వం మగవాళ్లకు పెట్టుకున్న పేరు. సముద్రం, యుద్ధం అనే రెండు మాటలు అందులో కలిశాయి కాబట్టి ‘కడలి యోధుడు’ అనుకోవచ్చు. 1014లో క్లోంటార్ఫ్ యుద్ధంలో చనిపోయిన బ్రయన్ బోరు రాజుకు ఈ పేరుగల కొడుకు ఉండేవాడు. అతనూ ఆ పోరులోనే నేలకొరిగాడు.

‘ఓ’ పొడి అక్షరం కాదు, నిండు మాట. మనుమడు, వంశంవాడు అని దాని అర్థం. ఓబ్రయన్లు ఆ బ్రయన్ బోరు సంతతివారే. మర్ఫీల సంగతి వేరు. మురహ పేరుగలవాళ్లు వెక్స్‌ఫర్డ్‌లో, కార్క్‌లో, ఇంకా ఇతర చోట్లా ఉండేవారు కనుక మర్ఫీలందరిదీ ఒకే వంశం కాదు. మన దగ్గరా ఒకే ఇంటిపేరుతో వేర్వేరు గోత్రాలవాళ్లు కనిపిస్తారు కదా! ఇంగ్లీషు పాలనలో చాలా ఇళ్లవాళ్లు ఈ ‘ఓ’ను వదిలేశారు. తర్వాత కొందరు మళ్లీ చేర్చుకున్నారు గానీ, మర్ఫీలు దాదాపుగా చేర్చుకోలేదు.

నాకు బాగా నచ్చే విశేషం ఇంకొకటుంది. పెళ్లికాని ఆడపిల్ల పేరులో ‘ఓ’ బదులు ‘నీ’ వస్తుంది. అప్పుడు మురహూలోని ‘మ’ కాస్తా ‘వ’ అయి, ‘నీ వురహూ’ అని పలుకుతారు. ముందు మాటను బట్టి వెనక మాట మొదటి హల్లు మారడం మనకు కొత్తేమీ కాదు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు, కూర, కాయ కలిస్తే కూరగాయ. మన గసడదవాదేశం నియమాలు వేరే, వాళ్ల నియమాలు వేరే. అయినా తెలుగువాడి చెవికి ఆ మార్పు వింతగా తోచదు.

ఇక రాత సంగతి. కెన్నెడీ, కెల్లీ అని రాస్తున్నాం కాబట్టి మర్ఫీ అని దీర్ఘంతో రాయడమే మేలు. ఓబ్రయన్‌ను కలిపే రాయండి. ఇంగ్లీషులో ‘ఓ’ పక్కన పెట్టే కామా లాంటి గుర్తు తెలుగులో అక్కర్లేదు. ఐరిష్‌లోనూ అది లేదు. అక్కడ ‘ఓ’ నెత్తిన చిన్న గీత గీస్తారు, అది దీర్ఘానికి గుర్తు. మన ‘ఓ’లో ఆ దీర్ఘం ఎలాగూ ఉంది.